రూం హీటర్ ఆన్‌లో ఉన్నా వేడి చాలడం లేదా? ముందు ప్లగ్ టాప్ పట్టుకుని చూడండి

డిసెంబరు, జనవరి నెలల్లో పలమనేరు, వి.కోట, కుప్పం వైపు రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది. 600 మీటర్ల ఎత్తుకు పైనున్న ఊళ్లు అవి. కింద తిరుపతిలో అంత చలి లేకపోయినా, ముసురు పట్టిన వారంలో పసిబిడ్డో పెద్దవాళ్లో ఉన్న ఇంట్లో అటక మీది రూం హీటర్ కిందికి దిగుతుంది. ఆ తర్వాత వచ్చే ఫిర్యాదులు రెండే: వేడి చాలడం లేదు, బిల్లు మాత్రం తడిసి మోపెడైంది. హీటర్ పాతబడిపోయిందనుకుని కొత్తది కొంటారు. కొత్తదాన్నీ అదే గదిలో, అదే సాకెట్లో పెడతారు. పావుగంట పరీక్ష ఒకటి చేసి ఉంటే ఆ డబ్బు చేతిలో ఉండేది.

సమస్య: హీటర్ వెలుగుతోంది, గది వేడెక్కడం లేదు

ముందు గదిని చూడండి. తలుపు కింద వేలు దూరేంత సందు, పైన జాలీ వెంటిలేటర్ ఉంటే వేడిగాలి పైనుంచి పోతూనే ఉంటుంది, చల్లగాలి కిందినుంచి వస్తూనే ఉంటుంది. పాత లుంగీ చుట్టగా చుట్టి తలుపు కింద పెట్టండి, వెంటిలేటర్‌కు ఒక అట్టముక్క కట్టండి. రేకుల ఇల్లయితే గది మొత్తాన్ని వేడి చేయాలనే ఆలోచనే మానుకోండి. అక్కడ ఎదురుగా కూర్చున్న మనిషికి నేరుగా సెగ తగిలే కాయిల్ హీటరో హాలోజన్ హీటరో తప్ప వేరేది పనికిరాదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సందులు మూయడం కరెంటు హీటర్‌కు మాత్రమే. కరెంటు ఖర్చు తప్పుతుందని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గదిలో లోపం లేకపోతే, హీటర్ నిజంగా ఎన్ని వాట్లు తీసుకుంటోందో చూడాలి. దీనికి పరికరం కొననక్కర్లేదు, మీటరే చెబుతుంది. ఎలక్ట్రానిక్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు వెలుగుతుందో అంకె వేసి ఉంటుంది. 3200 అని ఉందనుకోండి. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి, హీటర్ ఒక్కటే 2000 వాట్ల మీద పెట్టి, ఫోన్లో ఒక నిమిషం టైమర్ పెట్టుకుని లెక్కపెట్టండి. 105 నుంచి 107 సార్లు వెలిగితే హీటర్‌కు అందాల్సింది అందుతోంది. 70, 75 దగ్గరే ఆగితే అందడం లేదు.

ఎందుకు అందదంటే, 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు ఇచ్చే హీటర్ 190 వోల్టుల దగ్గర 1365 వాట్లే ఇస్తుంది. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వేడి దాదాపు మూడో వంతు పడిపోతుంది. ఆ వోల్టేజీ వీధిలోనే తగ్గుతోందా, మీ ఇంట్లోనే తగ్గుతోందా అన్నది తేల్చుకోవాలి.

సమస్య: టాప్ కాలుతోంది, హీటర్ ఆగి ఆగి పనిచేస్తోంది

అందరూ వదిలేసే పరీక్ష ఇదే. ఇల్లు కాల్చేది కూడా ఇందులో బయటపడే లోపమే. హీటర్‌ను 2000 వాట్ల మీద పదిహేను నిమిషాలు నడపండి. స్విచ్ ఆపి, త్రీ పిన్ టాప్ మీద వేళ్ల వెనకభాగం ఆనించండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. వేలు నిలవనంత వేడిగా ఉంటే ఆ సాకెట్లో మళ్లీ హీటర్ పెట్టకండి. టాప్ ఊడదీసి మూడు పిన్నులూ చూడండి. ఒక్క పిన్ను మాత్రం నీలం, గోధుమ రంగులోకి తిరిగి, దాని మొదట్లో ప్లాస్టిక్ ఉబ్బి ఉంటుంది. మిగతా రెండూ కొత్త ఇత్తడిలా మెరుస్తుంటాయి. దొంగ దొరికినట్టే, ఆ పిన్ను దగ్గరే పట్టు వదులైంది.

ఇది ఎంతకీ పట్టుబడదు, ఎందుకంటే అదే సాకెట్లో ఫోన్ ఛార్జర్, టీవీ, మిక్సీ అన్నీ బాగానే పనిచేస్తాయి. టెస్టర్ పెడితే వెలుగుతుంది. మల్టీమీటర్ పెడితే 230 నిండుగా చూపిస్తుంది. లోడు లేనప్పుడు వదులు పట్టు కూడా గట్టి పట్టులాగే కనిపిస్తుంది. 2000 వాట్ల హీటర్ 8.7 ఆంపియర్లు లాగుతుంది. పిన్ను దగ్గర ఒక్క ఓమ్ నిరోధం ఏర్పడితే చాలు, ఆ మినపగింజంత చోట 70 వాట్ల వేడి పుడుతుంది. పాతకాలపు 60 వాట్ల బల్బును స్విచ్‌బోర్డు లోపల వెలిగించి మూత బిగించినట్టు లెక్క. ఆ వేడికి సాకెట్ లోపల పిన్నును పట్టుకునే స్ప్రింగు రేకు మెత్తబడి ఇంకా వదులవుతుంది, వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. హీటర్ కాసేపు ఆగి మళ్లీ వెలగడం, సాకెట్లో చిటచిట శబ్దం, కాలిన చేపలాంటి వాసన అన్నీ ఈ దశలో వచ్చేవే. ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తాను ఆగే స్విచ్) ట్రిప్ అవుతుందిలే అని ధీమాగా ఉండకండి. వదులు పట్టు వల్ల కరెంటు పెరగదు, కాస్త తగ్గుతుంది. అందుకే ఎంసీబీకి ఇది తెలియనే తెలియదు.

వదులు ఎక్కడుందో ఇలా పట్టుకోండి. అదే బోర్డులో రెండో సాకెట్ ఉంటే దానిలో మల్టీమీటర్ పెట్టండి. హీటర్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి వోల్టేజీ చూడండి. మెయిన్ బోర్డు నుంచి 15 మీటర్ల దూరానికి 2.5 ఎంఎం రాగి వైరు అయితే తేడా 2 వోల్టులు, 1.5 ఎంఎం అయితే 3, సన్నటి 1 ఎంఎం అయితే 5 వోల్టుల దాకా ఉంటుంది. వీధి వోల్టేజీ కూడా ఊగుతుంటుంది కాబట్టి మూడుసార్లు చూసి లెక్క వేసుకోండి. తేడా ఇంతలోపే ఉండి టాప్ మాత్రం కాలుతుంటే తప్పు సాకెట్‌దో టాప్‌దో. 10 వోల్టులు దాటితే వెనక ఎక్కడో జాయింట్ వదులైంది. జంక్షన్ బాక్సు, ఎంసీబీ స్క్రూలు, మెయిన్ స్విచ్‌లోని ఫ్యూజు క్యారియర్ వరసగా చూడాలి. పాత మిద్దె ఇళ్లలో అల్యూమినియం వైరును రాగి వైరుతో మెలిపెట్టి టేపు చుట్టిన చోటు ఉంటే మిగతావి వదిలేసి ముందు అక్కడికే వెళ్లండి. కొన్ని మీటర్ల డిస్‌ప్లేలో వోల్టేజీ కూడా వస్తుంది. హీటర్ వేయగానే అక్కడే బాగా పడిపోతుంటే తప్పు సర్వీసు వైరులోనో బయటి లైనులోనో ఉంది, కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్ వాళ్లకు 1912కు ఫోన్ చేయండి. త్రీ ఫేజ్ ఇంట్లో హీటర్ వేయగానే కొన్ని లైట్లు మసకబారి, కొన్ని మరీ ఎక్కువగా వెలిగితే న్యూట్రల్ ఊడుతోందని అర్థం. వెంటనే మెయిన్ ఆపేసి ఫోన్ చేయండి.

సరిచేసేటప్పుడు సగం పని చేయొద్దు. సాకెట్ ఒక్కటి మార్చి, కాలిన టాప్‌నే పెడితే, రంగు తిరిగిన పిన్ను కొత్త సాకెట్‌ను కూడా కాలుస్తుంది. రెండూ కలిపి మార్చాలి: ఐఎస్ఐ గుర్తున్న 16 ఆంపియర్ల సాకెట్, 16 ఆంపియర్ల స్విచ్, 16 ఆంపియర్ల టాప్. నల్లబడి గట్టిపడిన వైరును, రాగి మళ్లీ మెరుస్తూ కనిపించేదాకా కత్తిరించి పారేయండి. పోగులన్నీ మెలిపెట్టి రెండుగా మడిచి స్క్రూ కింద దూర్చండి, ఒక్క పోగు కూడా బయట మిగలకూడదు. బిగించాక వైరు పట్టుకుని లాగి చూడండి. మెయిన్ బోర్డు నుంచి ఈ సాకెట్‌కు 2.5 ఎంఎం వైరు విడిగా, ఎర్తుతో సహా రావాలి. మెయిన్ ఆపడం, టెస్టర్ పెట్టి చూసుకోవడం తెలిసినవాళ్లే చేయండి, లేదంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఈ లెక్కలు చెప్పి చేయించుకోండి. 6 ఆంపియర్ల సాకెట్‌కు కన్వర్షన్ ప్లగ్ తగిలించి, లేదా సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి 2000 వాట్లు నడిపితే మాత్రం ఈ కథంతా మళ్లీ మొదలు.

సమస్య: బిల్లు పెరిగిపోయింది

2000 వాట్ల హీటర్ గంట నడిస్తే 2 యూనిట్లు. రోజుకు 4 గంటల చొప్పున నెలకు 240. ఇక్కడ దెబ్బ కొట్టేది స్లాబు. 2022-23 టారిఫ్‌లో ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 చొప్పున పెట్టారు. ఆ రేట్లతో మామూలుగా 150 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ ఛార్జీ 567 రూపాయలు. హీటర్‌తో 390 అయితే 2,460 దాటుతుంది. అదే ఇంట్లో సందులు మూసి, 1000 వాట్ల మీద రెండు గంటలు నడిపితే 60 యూనిట్లే పెరుగుతాయి, అదనంగా పడేది 360 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరు. మీ తాజా బిల్లు వెనక స్లాబులు చూసి ఇదే లెక్క వేసుకోండి.

ఆయిల్ హీటర్ కరెంటు ఆదా చేస్తుందని దుకాణంలో చెప్పే మాట నమ్మకండి. ఏ హీటరైనా ఒక యూనిట్‌కు ఇచ్చే వేడి ఒక్కటే. ఆయిల్ హీటర్ ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది, మూసిన పడకగదికి సుఖం, అంతే. ఆదా, గది వెచ్చబడగానే హీటర్‌ను ఆపే థర్మోస్టాట్ వల్ల వస్తుంది. గది వెచ్చబడ్డాక నాబ్‌ను టిక్‌మని శబ్దం వచ్చేదాకా వెనక్కి తిప్పి అక్కడ ఉంచండి. హీటర్ మళ్లీ వెలిగాక ఆ టిక్ గంటసేపైనా తనంతట తాను వినబడకపోతే హీటర్ ఆగడమే లేదు, సందు ఇంకా ఎక్కడో మిగిలి ఉంది. కాయిల్ హీటర్‌కు మంచం, పరదా, బట్టలు మీటరు దూరంలో ఉండాలి. నిద్రపోయే ముందు దాన్ని ఆపేయాలి.

మిగతావి

హీటర్ అసలు వెలగకపోతే అడుగున ఉన్న టిప్ స్విచ్ (హీటర్ పడిపోతే ఆపేసే బటన్) చూడండి. జంఖానా మీద, పరుపు మీద పెడితే ఆ బటన్ నొక్కుకోదు. నేల మీద పెట్టగానే వెలుగుతుంది. బ్లోయర్ (ఫ్యానుతో వేడిగాలి ఊదే హీటర్) ఐదు నిమిషాలకే ఆగిపోతుంటే వెనక జాలీలో దుమ్ము పేరుకుని ఉంటుంది. టాప్ తీసేసి బ్రష్‌తో దులపండి. సీజన్ మొదటి రోజు వచ్చే దుమ్ము వాసన పది నిమిషాల్లో పోతుంది, పోకపోతే ఆపేయండి. కాయిల్ తెగడం, థర్మల్ ఫ్యూజు పోవడం అరుదు, రిపేరు షాపులో చేస్తారు. తెగిన కాయిల్‌ను మెలిపెట్టి అతికించొద్దు, ఆ ముడి దగ్గరే మళ్లీ కాలుతుంది. ఆయిల్ హీటర్ నుంచి నూనె కారుతుంటే దాన్ని బాగు చేయించే ప్రయత్నమే వద్దు, పక్కన పెట్టేయండి.