బెరే టోపీని వేణ్ణీళ్లలో ఉతక్కండి

పారిస్ వెళ్లేవాళ్లలో చాలామంది ఈఫిల్ టవర్ దగ్గర చవగ్గా కనబడిందని బెరే టోపీ, అంటే గుండ్రంగా చదునుగా ఉండే మెత్తటి టోపీ, కొనేస్తుంటారు. కొనేముందు లోపలి లేబుల్ చూడండి. యాక్రిలిక్ అయితే వదిలేయండి, అది తలమీద సరిగ్గా కుదురుకోదు. నూరు శాతం ఉన్నిదే తీసుకోండి.

నిజానికి బెరే పారిస్‌లో పుట్టింది కాదు. ఫ్రాన్స్ దక్షిణాన పిరెనీస్ కొండల్లోని బెయార్న్ ప్రాంతపు గొర్రెల కాపరుల టోపీ అది. అక్కడి ఒలొరాన్ సెంట్ మరీ ఊళ్లో లొలేర్ సంస్థ 1840 నుంచి వీటిని చేస్తోంది. ముందు ఉన్నిని వదులుగా, పెద్దగా అల్లుతారు. తర్వాత నీళ్లలో బాగా మర్దిస్తే అది ముడుచుకుని చిక్కబడుతుంది. చిన్న చినుకులకు తడి లోపలికి దిగనిది అందుకే.

వేణ్ణీళ్లు తగిలితే మళ్లీ అదే జరుగుతుంది, ఈసారి మీ తలకు పట్టనంతగా! చన్నీళ్లలో కొంచెం షాంపూ వేసి ముంచి తీయండి. పిండొద్దు, తువ్వాలులో పెట్టి అద్దండి. టోపీకి సరిపోయే అన్నం పళ్లెం లోపల దూర్చి నీడన ఆరబెడితే గుండ్రంగా నిలుస్తుంది.

పెట్టుకునేటప్పుడు అంచు నుదుటి మీద తిన్నగా ఉండాలి, తర్వాత పైభాగాన్ని ఒక పక్కకు లాగాలి. నడినెత్తిన కనిపించే చిన్న తొడిమ పేరు కాబియూ. దారం పోగనుకుని కత్తిరించేయకండి, బెరేకి అందమే అది.