ఆనోడ్ మడ్డిలోంచి వెండి తీయడం ఇలా

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయిస్తుంటాను. రాగిని కరెంటుతో శుద్ధి చేసేటప్పుడు ప్లస్ రేకు (ఆనోడ్) కరుగుతుంటే కరగకుండా రాలి మిగిలేది ఆనోడ్ మడ్డి. దాని గురించి పుస్తకంలో రెండు లైన్లు చదివి వదిలేస్తారు. రాగిని శుద్ధి చేసే ఫ్యాక్టరీల్లో బంగారం, వెండి, సెలీనియం దొరికేది ఆ నల్లటి మడ్డిలోనే. అది కళ్లారా చూడాలని ఏటా పిల్లల చేతే చేయిస్తాను.

గాంధీ రోడ్డులో తెలిసిన ఆచారితో 38 గ్రాముల రాగిలో 2 గ్రాముల వెండి కరిగించి రేకు కొట్టిస్తాం. ఎంత వెండి వేశామో తెలిస్తేనే చివర్లో లెక్క తేలుతుంది.

లీటరు ద్రావణానికి 160 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 100 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. నీళ్లలోకి ఆమ్లాన్ని సన్నటి ధారగా పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. మన రేకు ప్లస్‌కు, పలుచటి శుద్ధ రాగి రేకు మైనస్‌కు. ప్లస్ రేకుకు టెర్లిన్ గుడ్డతో సంచి తొడగండి. నూలు గుడ్డయితే ఆమ్లానికి చివికిపోతుంది.

ఓపిక పట్టాల్సింది కరెంటు దగ్గర. ఒక ఆంపియర్‌తో గంటకు 1.19 గ్రాముల రాగే కదులుతుంది. అంటే 38 గ్రాములకు 32 గంటలు. వోల్టేజి అర వోల్టు దాటనివ్వకండి. ఆ వోల్టేజికి రాగి కరుగుతుంది, వెండి కరగక సంచిలోకి రాలుతుంది. ఒక ఏడాది పరీక్షల టెన్షన్‌లో కరెంటు మూడింతలు పెంచాను. తెల్లారేసరికి మైనస్ రేకు మీద రాగి ముళ్లకంపలా పెరిగి సంచిని చీల్చేసింది. మడ్డి తొట్టంతా కలిసిపోయి సగం వెండి దక్కలేదు.

రేకులో మిగిలిన ముక్కను తూచి లెక్కలోంచి తీసేయండి. మడ్డిని వడకట్టి, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేడిచేస్తూ గాలి బుడగలు పంపితే అంటుకున్న రాగి నీలంగా దిగిపోతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగండి. మా బోరు నీళ్లతో కడిగితే, అందులోని క్లోరైడ్ వల్ల తర్వాతి మెట్టులో వెండి ముందే పాలలా విరిగిపోయింది.

ఇప్పుడు కడిగిన మడ్డిని సగం నీళ్లు కలిపిన నైట్రిక్ ఆమ్లంలో వేస్తే వెండి కరుగుతుంది. ఇది ఫ్యూమ్ హుడ్‌లోనే, అంటే పొగను బయటికి లాగేసే అరలోనే చేయాలి. గోధుమరంగు పొగ వస్తుంది, అది ఊపిరితిత్తులకు విషం. ఫ్యాక్టరీ మడ్డిలోనైతే బంగారం ఈ ఆమ్లానికి లొంగక అడుగునే ఉండిపోతుంది. వడకట్టిన ద్రావణంలో ఉప్పు నీళ్లు పోయగానే తెల్లటి పెరుగులా సిల్వర్ క్లోరైడ్ కడుతుంది. వెలుతురు తగిలిన వైపు ఊదారంగుకు తిరుగుతుంది. దాన్ని కడిగి, జింకు ముక్కలు, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే బూడిదరంగు వెండి పొడి మిగులుతుంది. మిగిలిన జింకు ఏరేసి, బోరాక్స్‌తో మూసలో కరిగించండి.

ఇంట్లో చేయకండి. ఫ్యాక్టరీ మడ్డినైతే కాలేజీలో కూడా ముట్టుకోవద్దు, అందులో సెలీనియం, ఆర్సెనిక్ ఉంటాయి.

పోయినేడు మాకు 1.7 గ్రాములు వచ్చింది. కొంత వడపోత కాగితాలకే అంటుకుని ఉంటుంది. ఈ ఏడు వాటినీ పారేయకుండా మూసలో కాల్చి చూస్తాం.