మూడో పాఠం: బాగుందన్నవాళ్లంతా కొంటారా?

పోయిన పాఠంలో, మీరు పెట్టబోయే వ్యాపారంలో ఎవరు ఏం కొంటారన్న మీ ఊహను ఒక్క వాక్యంలో రాయమన్నాను. మొదటి నుంచీ మనం పట్టుకున్న ఉదాహరణ, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట హాస్టళ్ల పిల్లలకు ఒక పూటకు సరిపడే నల్లకారం పొట్లాలు. దాని వాక్యం ఇది: "మెస్‌లో కూర నచ్చని రోజు హాస్టల్ పిల్లలు 10 రూపాయలు పెట్టి నల్లకారం కొనుక్కుంటారు." ఇది నిజమో కాదో ఈ వారం తేల్చుకుందాం.

ముందు ఒక అలవాటు మానుకోవాలి. చుట్టాలకు రుచి చూపించి "ఎలా ఉంది?" అని అడగకండి. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ, చేతిలో పెట్టినదాన్ని బాగాలేదనరు. "అమ్మితే కొంటారా?" అన్నా అంతే. కొంటామనడానికి పైసా ఖర్చు లేదు కదా! అందుకే జరగబోయేది వదిలి, జరిగినదాన్ని అడగండి. "మొన్న కూర నచ్చనప్పుడు ఏం తిన్నావమ్మా?" అంటే ఒక పిల్ల మంచం కింద నుంచి ఇంటి ఆవకాయ సీసా తీసి చూపిస్తుంది. ఇంకొకతె పెరుగన్నంతో సరిపెట్టుకున్నానంటుంది. మీ పొట్లానికి అసలు పోటీ ఆ సీసాతోనేనని అప్పుడు అర్థమవుతుంది. ఇంట్లో కూర్చుని ఎంత ఆలోచించినా ఇది తట్టదు.

ఇక అమ్మి చూడాలి. 1999లో అమెరికాలో నిక్ స్విన్‌మర్న్ చెప్పుల వ్యాపారం ఇలాగే మొదలుపెట్టాడు. సరుకు కొనలేదు, గోదాము తీసుకోలేదు. దగ్గరి షాపుల్లో బూట్లకు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆర్డరు వస్తే అదే షాపులో కొని పంపాడు. అలా అమ్మితే లాభమేమీ ఉండదు. కానీ కాలికి తొడిగి చూడకుండా జనం బూట్లు కొంటారా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. అదే తర్వాత జపోస్ కంపెనీ అయింది. 2009లో అమెజాన్ దాన్ని కొనేసింది.

మనకు అరకిలో నల్లకారం చాలు. 20 గ్రాముల చొప్పున 25 పొట్లాలవుతాయి. అచ్చేసిన కవర్లు వేలల్లో ఆర్డరిస్తే గానీ గిట్టుబాటు కావు, ఇప్పుడే వాటి జోలికి పోవద్దు. మామూలు కవరు, చిన్న లేబులు సరిపోతాయి. అయితే ఇది తినే వస్తువు. ప్రయోగమే కదా అని, ఆహార భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్, లేబులు మీద ఆ 14 అంకెల నంబరు, తయారుచేసిన తేదీ మానేయడానికి వీల్లేదు. ఈ విషయంలో నేను రాజీపడను.

హాస్టల్ సందు మొదట్లో ఉన్న కిరాణా కొట్టాయనతో మాట్లాడుకుని, సాయంత్రం పూట అక్కడే నిలబడి 20 మందికి చూపించండి. పూర్తి ధరకే ఇవ్వండి. తగ్గించి అమ్మితే మీరు పరీక్షిస్తున్నది వేరే ఊహ అవుతుంది. అమ్మకం మొదలు కాకముందే, ఎందరు కొంటే ముందుకు వెళ్తారో, ఎందరికి తగ్గితే ఆపుతారో పుస్తకంలో రాసుకోండి. ఫలితం చూశాక రాస్తే, మనసు అంకెను తనకు అనుకూలంగా జరుపుకుంటుంది.

20 మందిలో ఒక్కరూ కొనలేదనుకోండి. గణాంకశాస్త్రంలో దీనికి సులువైన లెక్క ఉంది: ఒక్కరూ కొననప్పుడు, 3ను చూపించినవాళ్ల సంఖ్యతో భాగించాలి. 3ను 20తో భాగిస్తే 15 శాతం. ఆ 20 మంది మీరు ఏరి తెచ్చినవాళ్లు కాకపోతే, అలాంటి పిల్లల్లో కొనేవాళ్లు నూటికి 15 మందికి మించరని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. అంత కొద్దిమందితో మీ వ్యాపారం నడుస్తుందా? లెక్క వేసుకోండి.

నలుగురైదుగురు కొన్నా అప్పుడే మురిసిపోవద్దు. కొత్తది కదా అని ఒకసారి ఎవరైనా కొంటారు. రెండోసారి వచ్చి అడిగినవాళ్లకు పుస్తకంలో ఒక టిక్కు పెట్టమని కొట్టాయనకు చెప్పండి. మొత్తం అమ్మకం కన్నా నేను ఆ టిక్కులనే ముందు చూస్తాను. తిరిగి రానివాళ్లలో ఇద్దరు ముగ్గురిని ఆపి కారణం అడగండి. కారం ఎక్కువైందంటే కారం ఒక్కటే తగ్గించి మళ్లీ అమ్మండి. ధర, కవరు, రుచి ఒకేసారి మారిస్తే దేనివల్ల పోయిందో తెలియదు.

వచ్చే పాఠానికి మూడు అంకెలు రాసి ఉంచుకోండి: ఎందరికి చూపించారు, ఎందరు కొన్నారు, ఎందరు మళ్లీ వచ్చారు. వాటితోనే ధర సంగతి మొదలుపెడదాం.