శ్రీశైలం గేట్లు చూడ్డానికి వెళ్తున్నారా? ముందు రాత్రి నుంచే జాగ్రత్త

శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తారని టీవీలో రాగానే మన నల్లగొండ, పాలమూరు పిల్లల ఫోన్లు మోగడం మొదలవుతుంది. "శనివారం రాత్రికి అందరూ రూముకు వచ్చేయండిరా, పొద్దున్నే పోదాం." ఒకడు మిర్యాలగూడ నుంచి, ఇంకొకడు జడ్చర్ల నుంచి వస్తాడు, ఇద్దరు హైదరాబాద్‌లోనే ఉద్యోగాలు చేస్తుంటారు. అందరూ ఎల్బీ నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఒకరి రూములో కలుస్తారు. నేనూ అలా చాలాసార్లు వెళ్లాను. జాగ్రత్తలనగానే ఎవరైనా ఘాట్ రోడ్డు గురించి, నీళ్ల గురించి చెబుతారు. అవీ చెప్పాల్సినవే, చెబుతాను. కానీ ఈ ట్రిప్పులో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం రూములో గడిపే ఆ రాత్రిలోనే ఉంది.

ఎందుకంటే ఆ రాత్రి ఎవరూ పడుకోరు. చాన్నాళ్లకు కలిశాం కదా అని పది గంటలకు బిర్యానీ పార్సిళ్లు విప్పుతారు, ముచ్చట్లలో ఒంటిగంట దాటుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, "ఇంక పడుకునేదేంది, ఇప్పుడే పోతే ట్రాఫిక్ ఉండదు" అని.

నాలుగేళ్ల కింద మేం చేసిందీ అదే. రెండింటికి బయల్దేరాం. బండి నడిపే మిత్రుడు ఆ రోజంతా డ్యూటీ చేసి వచ్చాడు. కడ్తాల్, ఆమనగల్లు దాటేసరికి వెనక ముగ్గురూ నిద్రలో ఉన్నారు. ముందు సీట్లో ఉన్న నాకూ కన్ను మూతపడింది. టైర్ల చప్పుడు మారితే మెలకువ వచ్చింది. తారు మీది సాఫీ శబ్దం పోయి, కంకర మీద గరగరమంటోంది. పక్కకు చూస్తే వాడి చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, కళ్లు సగం తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు. పేరు పెట్టి గట్టిగా అరిచాను. బ్రేకు పడింది. హెడ్‌లైట్ల వెలుగులో కిలోమీటరు రాయి బానెట్‌కు రెండు గజాల దూరంలో తెల్లగా కనబడింది. "నేను నిద్రపోలేదురా" అన్నాడు వాడు. అబద్ధమాడలేదు. రెండు మూడు సెకన్లు వచ్చి పోయే కునుకు వచ్చినట్టే మనిషికి తెలియదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ మూడు సెకన్లకే బండి 66 మీటర్లు వెళ్లిపోతుంది.

ఇంత చేసి మేం మన్ననూరు చేరేసరికి అయిదు కూడా కాలేదు. ఫారెస్టు చెక్‌పోస్టు గేటు మూసి ఉంది. అమ్రాబాద్ పులుల అడవి గుండా వెళ్లే ఆ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మాకంటే ముందొచ్చిన కార్లు, బస్సులు లైట్లు ఆర్పేసి వరసగా నిలబడి ఉన్నాయి. మేమూ వాటి వెనక ఆపుకుని గంటకు పైగా కూర్చున్నాం.

ఆ గంట నిద్ర రూములోనే పోయి ఉండొచ్చు. హైదరాబాద్ నుంచి మన్ననూరుకు దాదాపు 140 కిలోమీటర్లు. నాలుగున్నరకు బయల్దేరి, దారిలో టీకి ఆగి, నిదానంగా వెళ్లినా ఏడున్నర, ఎనిమిదికి గేటు దాటతారు. గేట్లు ఎత్తిన నీళ్లు ఎక్కడికీ పోవు. రెండింటికి లేవాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఇంకా చెప్పాలంటే అయిదున్నరకు, తెల్లారే వేళకు బయల్దేరడమే మంచిది. మనిషికి నిద్ర బాగా ముంచుకొచ్చేది రెండు నుంచి ఆరు మధ్యే.

కాబట్టి రూములో ఒక పద్ధతి పెట్టుకోండి. బండి నడిపేవాళ్లు ఇద్దరుండాలి, ఇద్దరికీ లైసెన్స్ ఉండాలి. పదింటికల్లా ఆ ఇద్దరికీ వేరే గదిలో పక్క వేయండి. ఒకటే గదైతే మిగతావాళ్లు మేడ మీదికి వెళ్లి ముచ్చట పెట్టుకోండి. మందు సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి: నడిపేవాళ్లు ఆ రాత్రి ముట్టొద్దు. రాత్రి ఒంటిగంట దాకా తాగింది పొద్దున అయిదింటికి రక్తంలో ఉంటుంది. స్నానం చేసినా, నిమ్మరసం తాగినా, మజ్జిగ తాగినా అది దిగదు, గంటలు గడిస్తేనే దిగుతుంది.

దారిలో నిద్ర వస్తే పాటలు పెంచడం, అద్దం దించడం పనిచేయవు. ఆపాలి. హోటల్ ముందో పెట్రోల్ బంకులోనో పెట్టి, ఒక టీ తాగి, ఇరవై నిమిషాలు సీటు వాల్చి పడుకోవాలి. ముందు సీట్లో కూర్చున్నవాడి డ్యూటీ మెలకువగా ఉండడం. అది నేను చేయలేదు, అందుకే చెబుతున్నా.

బండి సంగతులు శనివారం సాయంత్రమే చూసుకోండి. వానాకాలంలో ముఖ్యం టైర్లు, వైపర్లు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే నడపడమే చట్టవిరుద్ధం. వాన నీళ్ల మీద అరిగిన టైరు రోడ్డును పట్టుకోదు, తేలిపోతుంది. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా చూడండి. డీజిలో పెట్రోలో నింపుకోండి. గేటు దాటాక దాదాపు యాభై కిలోమీటర్లు అడవే. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఫలానా టైముకు, ఘాట్‌కు ముందొచ్చే డోమలపెంట నుంచి ఫోన్ చేస్తామని ఇంట్లో చెప్పి వెళ్తే, అమ్మకు టెన్షన్ తప్పుతుంది.

అడవిలో వేగం వద్దు. మలుపు తిరగగానే జింకలో, పశువులో, కోతుల గుంపో ఉంటాయి. కోతులకు అరటిపళ్లు, బిస్కెట్లు వేయకండి. తిండికి అలవాటుపడే అవి రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

డోమలపెంట దాటాక ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగండి. బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు పోతుంది. ఎదురుగా ఎక్కే బండికి దారివ్వాలి. గేట్లు ఎత్తిన ఆదివారం ఇక్కడ కార్లు గంటల తరబడి కదలవు. అది చూసి కొందరు మలుపులోనే బండి ఆపి సెల్ఫీలకు దిగుతారు. పన్నెండు గేట్లలోంచి దూకే నీటి తుంపరకు రోడ్డూ, పిట్టగోడా తడిసి జారుడుగా ఉంటాయి. గోడ ఎక్కకండి. దిగువన లింగాలగట్టు దగ్గర నీళ్లలో దిగకండి.

తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆ గేటే. తొమ్మిదికి మూసేస్తారని భయపడి, దర్శనం అయ్యేసరికి ఏడైనా సరే బయల్దేరి, చీకట్లో ఘాట్ మీద పందెం పెట్టినట్టు నడుపుతారు. సాయంత్రం ఆరు దాటితే ఆ రాత్రి శ్రీశైలంలోనే ఉండండి. శ్రావణమాసంలో, వారాంతాల్లో అక్కడ గది దొరకడం కష్టం. హైదరాబాద్‌లోనే బుక్ చేసుకుని వెళ్తే ఆ తొందరే ఉండదు. సోమవారం సగం రోజు సెలవు ముందే అడిగిపెట్టుకోండి.

వచ్చేటప్పుడు డిండి నుంచి దేవరకొండ మీదుగా సాగర్ కూడా చూసొద్దామనుకుంటే, డిండి అలుగు పోస్తోందేమో ముందు అక్కడివాళ్లను అడగండి. ఎక్కడైనా రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, "మోకాలి లోతే కదా" అని బండి దించొద్దు. కింద రోడ్డు కోసుకుపోయి ఉంటే పైకి కనబడదు. సాగర్‌లో ఒడ్డు మెట్లకు నాచు పడుతుంది, ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడే జారుతారు. డ్యామ్ దిగువన కరెంటు కోసం నీళ్లు వదిలితే, అప్పటిదాకా నిలబడ్డ బండరాయి చూస్తుండగానే మునుగుతుంది.

దసరా దాటి వెళ్లేవాళ్లకు ఇంకొకటి. హాలియా, మిర్యాలగూడ వైపు అప్పటికి వరికోతలు మొదలవుతాయి. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, రాత్రి నల్ల కవర్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో ఆ కుప్ప దగ్గరికొచ్చేదాకా కనబడదు. వెనక లైటు లేని ట్రాక్టర్లు కూడా అప్పుడే ఎక్కువ. ఆ రోడ్లు పొద్దుండగానే దాటండి. 108, 112, నేషనల్ హైవేకైతే 1033, ఈ మూడు నంబర్లూ కాగితం మీద రాసి డాష్‌బోర్డు మీద అతికించండి. మా బండిలో ఆ కాగితం ఇప్పటికీ ఉంది, దాని కింద ఆ రోజు ఎవరు నడపాలో, ఎవరు మేలుకోవాలో పెన్సిల్‌తో రాసుకుంటాం.