సిలిండర్ హెడ్ దింపి గ్యాస్కెట్ మార్చే పద్ధతి

అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్‌లో బాగా వేడెక్కి, రోడ్డు పక్కన ఆగి, దొరికిన నీళ్లు పోసుకుని ఎలాగోలా విశాఖపట్నం తిరిగి వచ్చిన కారు ఆ రోజుకు బాగానే నడుస్తుంది. కొన్ని వారాల తరువాత రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం మొదలవుతుంది. సిలిండర్లు ఉండే ఇంజన్ బ్లాకు పోత ఇనుముదై, దాన్ని పైనుంచి మూసే హెడ్ అల్యూమినియందైతే, వేడికి హెడ్ బ్లాకు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 300 మిల్లీమీటర్ల హెడ్ 70 డిగ్రీలు వేడెక్కినప్పుడు సుమారు అర మిల్లీమీటరు పెరిగితే, బ్లాకు అందులో సగమే పెరుగుతుంది. ఆ తేడాను ప్రతి ప్రయాణంలోనూ భరించేది ఆ రెండింటి మధ్య సందును మూసే పలుచటి గ్యాస్కెట్. ఇంజన్ అతిగా వేడెక్కిన రోజున హెడ్ వంగిపోతే, ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా నిలవదు. అందుకే ఈ పనిలో ఎక్కువ సమయం గ్యాస్కెట్ బిగించడానికి కాక, హెడ్ ముఖాన్ని చూడటానికి, కొలవడానికి కేటాయించాలి.

ముందుగా, పోయింది గ్యాస్కెటేనని నిర్ధారించుకోవాలి. ఉదయం చల్లగా ఉన్న ఇంజన్‌కు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు నీటిలో బుడగలు ఆగకుండా వస్తుంటే, లేదా స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే, నీళ్లు వేడెక్కకముందే, పై హోస్ రాయిలా గట్టిపడితే, సిలిండర్‌లోని గ్యాస్ నీటి దారిలోకి పోతోందని అర్థం. ఆయిల్ మూత కింద పాలు ఎక్కువైన టీ రంగులో జిడ్డు పేరుకోవడం, సైలెన్సర్ నుంచి తీయటి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా రావడం కూడా లక్షణాలే. అయితే వానాకాలంలో ఉదయం పూట కాసేపు కనిపించే ఆవిరిని చూసి భయపడనక్కరలేదు. సిలిండర్‌లోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి చూసినప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు మాత్రమే బాగా తక్కువ చూపిస్తే, ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ తెగిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

ఇంజన్ రాత్రంతా చల్లారిన తరువాతే పని మొదలుపెట్టాలి, ఎందుకంటే వేడి మీద బోల్టులు వదులు చేస్తే బాగున్న హెడ్ కూడా వంగవచ్చు. బ్యాటరీ తీగ తీసి, పెట్రోల్ లైన్‌లో ప్రెషర్ తగ్గించి, రేడియేటర్‌లోని కూలెంట్‌ను వెడల్పాటి టబ్బులోకి దించాలి. అది విషం, పైగా తియ్యగా ఉంటుంది. వీధి కుక్కలు నాకకుండా వెంటనే మూత పెట్టాలి, కాలువలో పారబోయకూడదు. సముద్రపు గాలి తగిలే చోట ఉంచే కార్లకు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ నట్లు తుప్పు పట్టి పట్టేసి ఉంటాయి కాబట్టి, ముందు రోజు సాయంత్రమే వాటికి తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే మరునాడు స్టడ్ విరిగే ప్రమాదం తగ్గుతుంది. ప్రతి హోస్‌ను, ప్రతి కనెక్టర్‌ను తీసే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి.

క్రాంక్‌నూ, వాల్వులను నడిపే క్యామ్‌నూ కలిపే టైమింగ్ బెల్ట్ తీయడానికి ముందు మొదటి సిలిండర్ పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి, క్రాంక్ పుల్లీ గుర్తు, క్యామ్ పుల్లీ గుర్తు రెండూ కలిశాయని చూసుకోవాలి. హెడ్ బోల్టులను చివరల నుంచి మధ్యకు, ఒక్కొక్కదాన్ని కొద్దికొద్దిగా, రెండు మూడు విడతల్లో వదులు చేయాలి. హెడ్ అంటుకుపోయి రాకపోతే రెండు ముఖాల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకూడదు. అలా పడే సన్నటి గాటే తరువాత నీళ్లకు దారి అవుతుంది. గట్టిగా ఉన్న పక్క భాగం మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో మెల్లగా తడితే అదే వదులుతుంది.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు, పాత గ్యాస్కెట్ ముక్కలు త్వరగా పోవాలని డ్రిల్ మెషీన్‌కు గరుకు డిస్క్ తగిలించి హెడ్ ముఖమంతా రుద్దాను. అద్దంలా మెరిసింది, చాలా సంతోషించాను. రెండు నెలలు తిరగకుండానే మళ్లీ అవే బుడగలు వచ్చాయి. హెడ్ దింపి, స్ట్రెయిట్ ఎడ్జ్ అనే తిన్నని లోహపు బద్ద పెట్టి చూస్తే, రెండో సిలిండర్ దగ్గర సందు కొలిచే 0.10 మిల్లీమీటర్ల ఫీలర్ ఆకు సులువుగా దూరిపోయింది. అల్యూమినియం మెత్తటి లోహం కాబట్టి డిస్క్ తగిలిన చోటల్లా పల్లం పడుతుంది. అంతేకాక, ఆ డిస్క్ రాల్చే పొడి ఆయిల్ దారుల్లోకి చేరితే బేరింగులను కూడా తినేస్తుంది. ప్లాస్టిక్ లేదా చెక్క గీకుడు బద్ద, గ్యాస్కెట్ కరిగించే స్ప్రే, శుభ్రమైన గుడ్డ, కొంత ఓపిక చాలు. సిలిండర్లలోనూ నీటి రంధ్రాల్లోనూ గుడ్డలు కుక్కి చెత్త లోపల పడకుండా చూడాలి, చివర్లో వాటిని లెక్కపెట్టి తీయాలి.

శుభ్రం చేశాక స్ట్రెయిట్ ఎడ్జ్‌ను పొడవుగా రెండు అంచుల వెంట, మధ్యలో, రెండు మూలల నుంచి ఎదురు మూలలకు పెట్టి, దాని కిందకు ఫీలర్ ఆకు దూరుతుందేమో చూడాలి. బ్లాకు పైముఖాన్ని కూడా ఇలాగే చూడాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు. చాలా చిన్న పెట్రోల్ ఇంజన్లకు అనుమతించే వంపు 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, మీ ఇంజన్‌కు ఎంతో సర్వీస్ పుస్తకంలో ఉన్న అంకెనే నమ్మాలి. అంతకు మించితే గాజువాక ఆటోనగర్ వైపు హెడ్ ఫేసింగ్, అంటే ముఖాన్ని మెషీన్‌పై చదును చేసే లేత్ షాపుకు తీసుకువెళ్లాలి. అయితే ఫేసింగ్‌కు ముందే ప్రెషర్ టెస్ట్ చేయించాలి, ఎందుకంటే వాల్వ్ సీట్ల మధ్య పగులు ఉంటే ఫేసింగ్‌కు పెట్టిన డబ్బు వృథా అవుతుంది. వంపు పోవడానికి ఎంత అవసరమో అంతే తీయమని స్పష్టంగా చెప్పాలి. డీజిల్ ఇంజన్లలో కొన్ని రకాల హెడ్‌లను ఫేసింగ్ చేయడానికి అసలు వీల్లేదు. వాటిలో పిస్టన్ బ్లాకు పైకి ఎంత వస్తుందో కొలిచి, దానికి తగిన మందం గ్యాస్కెట్‌ను ఎంచుకోవాలి. హెడ్ చేతిలో ఉన్నప్పుడే వాల్వ్ సీళ్లు మార్చుకోవడం మేలు.

బిగింపు విషయానికి వస్తే, ముందు బ్లాకులోని బోల్టు రంధ్రాలను చూడాలి. అడుగున నీళ్లు గాని ఆయిల్ గాని నిలిచి ఉంటే, బోల్టు దిగే కొద్దీ ఆ ద్రవం పోయే దారి లేక బ్లాకునే పగలగొట్టగలదు. గాలి కొట్టి వాటిని పూర్తిగా ఆరబెట్టాలి. గ్యాస్కెట్‌ను గ్రీజు గాని, పేస్ట్ గాని పూయకుండా పొడిగా, దాని మీద పైవైపు అని ఉన్న గుర్తు పైకి వచ్చేలా, క్యామ్‌కు ఆయిల్ వెళ్లే రంధ్రం మూసుకుపోకుండా పెట్టాలి. డిగ్రీల లెక్కన బిగించే బోల్టులు ఒకసారి సాగిపోతాయి కాబట్టి కొత్తవే వేయాలి. ఈసారి వరుస మధ్య నుంచి చివరలకు. టార్క్ రెంచ్‌తో పుస్తకంలో చెప్పిన విడతల్లోనే బిగించాలి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. టైమింగ్ బెల్ట్ కొత్తది వేసి, గుర్తులు కలిపి, స్పార్క్ ప్లగ్గులు పెట్టకముందే పానాతో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా ఆగి టైమింగ్ మళ్లీ చూడాలి.

ఇంజన్ అసలు ఎందుకు వేడెక్కిందో తేల్చకుండా స్టార్ట్ చేయడం సరికాదు. వేడి ఎక్కువవుతోందని, నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే థర్మోస్టాట్‌నే తీసేసిన కార్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. దాన్ని గిన్నెలోని నీటిలో తాడుతో వేలాడదీసి, థర్మామీటర్ పక్కన ఉంచి, పొయ్యి మీద వేడి చేస్తే, దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం కంటితోనే చూడవచ్చు. తెరుచుకోకపోతే మార్చాలి గాని తీసేయకూడదు. రేడియేటర్ ఫ్యాన్, వాటర్ పంప్, రేడియేటర్ మూత రబ్బరు కూడా చూసుకోవాలి. తీరం దగ్గరి వీధుల్లో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. అవి అల్యూమినియం హెడ్‌లోని నీటి రంధ్రాల అంచులను కొరికేస్తూ గ్యాస్కెట్ రింగు దాకా వస్తాయి. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే సగం సగం కలిపి పోయాలి. పాత ఆయిల్‌లో నీళ్లు కలిసి ఉండవచ్చు కాబట్టి ఆయిల్, ఫిల్టర్ రెండూ తప్పక మార్చాలి.

చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి, హీటర్ పూర్తిగా పెట్టి, గాలి బుడగలు పోయేదాకా కూలెంట్ నింపుతూ ఉండాలి. నీళ్లు బాగా వేడెక్కకముందే మూత బిగించి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగే వరకు దగ్గరే ఉండాలి. మొదటి వారం రోజూ ఉదయం, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, రిజర్వాయర్‌లో గీత, ఆయిల్ కడ్డీ మీద రంగు చూసుకోండి. ఆ వారమంతా కూలెంట్ గీత కదలకపోతే, సింహాచలం కొండ ఒకసారి ఎక్కి దిగి, చల్లారాక మళ్లీ అదే గీత చూసిన తరువాతే అరకు ప్రయాణం పెట్టుకోండి.