పొట్ట చేతపట్టుకొని వెళ్ళిన నాన్న జీవితాన్ని రాసి ఉంచడం ఎలా

పరాయి దేశానికి వెళ్ళి బతుకంతా శ్రమించిన తండ్రి గురించి రాయాలని కూర్చున్నవారు చాలామంది మొదటి పేజీలోనే ఆగిపోతారు. "ఎంతో కష్టపడ్డారు, మమ్మల్ని ప్రాణంగా చూసుకున్నారు" అని రాసిన తరువాత చెప్పవలసింది ఇంకేమీ తోచదు. శ్రమను ఒక అధ్యాయంగా, ప్రేమను మరొక అధ్యాయంగా విడదీయడం వల్లనే ఈ చిక్కు వస్తుందని నా అభిప్రాయం. ఇంటికి దూరంగా ఉన్న తండ్రి ప్రేమ ఎక్కువగా ఆయన చేసిన పనిలోనే ఉంటుంది కనుక, ఆ పనిని వేళలతో, పనిముట్లతో, జీతంతో సహా వివరంగా రాయగలిగితే ప్రేమ గురించి వేరుగా చెప్పవలసిన అవసరం చాలావరకు తీరిపోతుంది.

నాన్న జీవించి ఉంటే ముందుగా ఆయననే అడగండి. "ఎన్ని కష్టాలు పడ్డారు?" అని అడిగితే "ఏముందిలే, అందరూ పడ్డవే" అన్న జవాబే వస్తుంది. దానికి బదులు మొదటి రోజు పని ఎవరు నేర్పించారు, ఎన్ని గంటలకు నిద్ర లేచేవారు, గదిలో ఎంతమంది ఉండేవారు, వంట ఎవరిది, మొదటి జీతంలో తనకోసం ఎంత ఉంచుకున్నారు అని ఒక్కొక్కటిగా అడగండి. పాత పాస్‌పోర్టో ఫోటోనో చేతికిచ్చి అడిగితే మాట సులువుగా సాగుతుంది. ఆయన అనుమతితో ఫోన్‌లో రికార్డు చేయండి, అలసట కనిపించగానే ఆపండి. అవమానాలో ప్రమాదాలో ప్రస్తావనకు వచ్చినప్పుడు ఆయన మౌనంగా ఉండిపోతే గుచ్చి గుచ్చి అడగవద్దు. ఆయన ఏ భాషలో తడుముకోకుండా మాట్లాడతారో ఆ భాషలోనే సంభాషణ జరగాలి. పిల్లలకు ఆ భాష రాకపోతే అనువాదం తరువాత చేసుకోవచ్చు.

ఆయన ఇప్పుడు లేకపోతే, తోటి కార్మికుల దగ్గరికి, ఒకే గదిలో కలిసి ఉన్నవారి దగ్గరికి ముందుగా వెళ్ళండి. తొలి సంవత్సరాల సంగతులు ఇంట్లోవాళ్ళకంటే వారికే ఎక్కువ తెలిసి ఉంటాయి, పైగా వారికీ వయసు మీద పడుతూ ఉంటుంది.

ఇక కాగితాలు. వీటిలో నేను అన్నిటికంటే విలువైనవిగా భావించేవి డబ్బు పంపిన రసీదులు. వాటిని తేదీల వరుసలో పేర్చి, పక్కనే ఇంట్లో ఆయా నెలల్లో జరిగిన విషయాలను, అంటే పిల్లల చదువు ఫీజులు, చెల్లెలి పెళ్ళి, తల్లి ఆపరేషన్ వంటివాటిని రాసుకుంటూ వెళ్ళండి. మామూలుగా పంపే మొత్తం ఒక నెలలో ఎందుకు పెరిగిందో, ఆ పెరిగిన మొత్తం ఓవర్‌టైమ్ నుంచి వచ్చిందా, అప్పు నుంచి వచ్చిందా అన్నది పే స్లిప్పులతో పోల్చి చూస్తే తెలిసిపోవచ్చు. ఏ ఉత్తరంలోనూ ఆయన చెప్పని విషయం అక్కడ దొరుకుతుంది. పాస్‌పోర్టులోని ముద్రలు ఆయన రాకపోకల తేదీలు చెబుతాయి కాబట్టి, ఏ పుట్టుకకు ఇంట్లో ఉన్నారో, ఏ చావుకు రాలేకపోయారో వాటిని బట్టి నిర్ధారించుకోవచ్చు. వేడితో ముద్రించే రసీదుల మీద అక్షరాలు కొన్నేళ్ళలో వెలిసిపోతాయి గనుక వాటికి ముందుగా ఫోటో తీయండి. పాత ఫోటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి, వెనుకవైపు మెత్తని పెన్సిల్‌తో పేర్లు రాయండి. 1963లో తొలిసారి మార్కెట్లోకి వచ్చిన ఆడియో క్యాసెట్లలో చాలామంది తండ్రులు తమ గొంతు నింపి ఇంటికి పంపేవారు. అటువంటిది దొరికితే మళ్ళీ మళ్ళీ వినకుండా డిజిటల్‌గా మార్పించండి. పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచేస్తే దాని మీద పొరపాటున మరొకటి రికార్డు కాదు.

ప్రభుత్వ దస్తావేజులు కూడా వెతకదగినవే. 1892 నుంచి 1954 వరకు పనిచేసిన న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్ గుండా వచ్చినవారి ఓడ జాబితాలను ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. 1928 నుంచి 1971 వరకు వలసదారులను స్వాగతించిన, కెనడాలో హాలిఫాక్స్ రేవులోని పియర్ 21 నేడు మ్యూజియం. అయితే పేరు ఒకే రకంగా రాసి ఉంటుందని అనుకోవద్దు, అక్షరాలు మార్చి మార్చి వెతకండి. 1906 భూకంపం తరువాత చెలరేగిన మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో పుట్టుక రికార్డులు కాలిపోయి, ఎవరు అక్కడ పుట్టారో సరిచూడడం కుదరకపోయాక, చైనా నుంచి ఎందరో కాగితాల మీద మాత్రమే మరొకరి కొడుకులై అమెరికాలో అడుగుపెట్టి, ఆ పేరుతోనే జీవితాంతం బతికారు. ప్రభుత్వాలు అన్నిటినీ భద్రపరుస్తాయన్న భరోసా కూడా లేదు: 1948లో కరీబియన్ దీవుల నుంచి వచ్చిన విండ్‌రష్ ఓడతో మొదలైన తరం వలసదారులు బ్రిటన్‌లో దిగినప్పటి కార్డులను 2010లో అక్కడి ప్రభుత్వమే నాశనం చేసింది. తమ నివాస హక్కును నిరూపించుకోవలసి వచ్చినప్పుడు ఆ తరంవారిలో అనేకులు ఎంతో నలిగిపోయారు. అందుకే ఇంట్లో ఉన్న అసలు కాగితం దేన్నీ పారేయవద్దు.

రాయడం మొదలుపెట్టాక "కష్టజీవి", "త్యాగమూర్తి" వంటి మాటలు వచ్చిన ప్రతిచోటా ఆగి, వాటి స్థానంలో ఆయన ఒక రోజును ఉంచండి: ఎప్పుడు బయలుదేరారు, ఎంతసేపు నిలబడ్డారు, చేతులకు ఏమయింది, తిరిగొచ్చాక ఇంటికి ఫోన్ చేయడానికి ఏ వేళ కుదిరేది. ఆయన కోపాన్ని, అలసట వల్ల పిల్లలతో గడపలేకపోయిన సంవత్సరాలను దాచవద్దు. దేవుడిగా చిత్రిస్తే మనవలకు ఆయన మనిషిగా దొరకరు. ఆయన లేని ఇంటిని నడిపిన అమ్మ శ్రమకు కూడా ఈ రచనలో సమానమైన చోటు ఉండాలి. సరైన అనుమతిపత్రాలు లేకుండా ఆయనతో కలిసి పనిచేసినవారు ఉంటే వారి పేర్లు, ఊళ్ళు రాయకండి, ఎందుకంటే ఇప్పటికీ వారికి చిక్కులు రావచ్చు.

పూర్తయిన ప్రతిని వేర్వేరు చోట్ల కనీసం మూడు నకళ్ళుగా ఉంచి, ఒకదాన్ని కాగితం మీద అచ్చు వేయించండి. ఆ పని చేయడానికి ముందే అమ్మకు, లేదా ఆయనను బాగా ఎరిగిన మరొకరికి మొత్తం చదివి వినిపించి, వారు చెప్పిన సవరణలను ఎవరు చెప్పారో కూడా పేర్కొంటూ చేర్చండి.