ఓపెన్ సోర్స్ సొంతంగా నేర్చుకుందాం – 4: ఈ ప్రాజెక్టుకు జీతాలిచ్చేదెవరు?

ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచి, ఎవరైనా వాడుకుని మార్చుకునే వీలిచ్చే సాఫ్ట్‌వేర్. అలాంటి ఒక ప్రాజెక్టును మన కంప్యూటర్‌లోకి దించుకుని, చిన్న సవరణ చేసి తిరిగి పంపడం మూడో పాఠంలో చూశాం. అది చదివిన గుణుపురం ఇంజనీరింగ్ విద్యార్థిని ఒకరు ఇలా అడిగారు: "సార్, వీటిలో చాలావరకు పెద్ద కంపెనీలవే కదా. వాళ్ళ పని మనం ఊరికే ఎందుకు చేసిపెట్టాలి?"

న్యాయమైన ప్రశ్న. పర్లాకిమిడిలోనో రాయగడలోనో చదువుకుంటూ, సాయంత్రం ఇంటి కొట్లో కూర్చునే పిల్లలకు మిగిలేదే ఓ గంట. ఆ గంట ఎక్కడ పెట్టాలో తెలియాలి. కంపెనీ ఉందని వెనక్కి తగ్గనక్కర్లేదు, లేదని సంబరపడనక్కర్లేదు. ఆ కంపెనీ చేతిలో ఏమేం ఉన్నాయో చూడటం వస్తే చాలు. ఈ పాఠం దానికోసమే.

మనకు బాగా దగ్గరైన ప్రాజెక్టుతో మొదలుపెడదాం. మన సరిహద్దు జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. చాలామంది పిల్లలు తెలుగు అక్షరాలు చూసేది ఫోన్‌లోనే. ఆ ఫోన్‌లో 'లక్ష్మి' అని కొట్టండి. 'క' మీద గుడి రావాలి, దాని కింద ష వత్తు, మ వత్తు ఒకదానితో ఒకటి గుద్దుకోకుండా కూర్చోవాలి. దీనికి ఫాంట్ ఒక్కటే చాలదు. ఏ అక్షరం పక్కన ఏది వస్తే ఏ రూపం వాడాలో, ఎక్కడ పెట్టాలో లెక్కగట్టే ప్రోగ్రాం కావాలి. ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. ఒడియా అక్షరాలను కూర్చేదీ అదే.

దాని ముఖ్య రచయిత బెహ్దాద్ ఎస్ఫాబోద్ మొదట లైనక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్‌లో, తర్వాత గూగుల్‌లో ఉద్యోగం చేస్తూ ఈ పని చేశారు. తెలుగు, ఒడియా రెండింటికీ లోహిత్ ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చింది కూడా రెడ్‌హ్యాటే. వాళ్ళు మన మీద దయతో చేశారని నేననను. తమ సరుకులో భారతీయ లిపులు సరిగా కనబడాలి కాబట్టి చేశారు. వాళ్ళ అవసరం, మన అవసరం ఒకచోట కలిశాయి. లైసెన్సు స్వేచ్ఛగా ఉంది కాబట్టి ఆ ఫలం మన దగ్గర నిలిచింది.

మొదటిది, కోడ్ రాసేవాళ్ళు ఎవరి ఉద్యోగులు? ఇప్పుడు మీరే చేసి చూడండి. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ ప్రోగ్రాంతో హార్ఫ్‌బజ్‌ను క్లోన్ చేయండి, అంటే నకలు దించుకోండి. ఆ చరిత్రలో నమోదైన ఒక్కో మార్పు ఒక కమిట్. తొందరకొద్దీ డెప్త్ 1 పెడితే పాత కమిట్లేవీ రావు, పని జరగదు. మొబైల్ డేటాతో నెట్టుకొచ్చేవాళ్ళు 'బేర్' ఆప్షన్, ఫిల్టర్‌కు 'బ్లాబ్ నన్' (blob:none) ఇవ్వండి. ఫైళ్ళ లోపలి సరుకు రాదు, కమిట్ల చరిత్ర మాత్రం మొత్తం వస్తుంది. తర్వాత ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి, గిట్ షార్ట్‌లాగ్ కమాండ్ చివర హైఫన్ పెట్టి ఎస్, ఎన్, ఈ అక్షరాలు చేర్చండి. ఎస్ అంటే కమిట్ల సంఖ్య మాత్రమే చూపమని, ఎన్ అంటే ఎక్కువ చేసినవాళ్ళను పైన పెట్టమని, ఈ అంటే ఈమెయిల్ చూపమని. ఆ ఈమెయిల్లో 'ఎట్' గుర్తు తర్వాతి భాగం చూడండి. కంపెనీ పేర్లు కనబడటం మొదలవుతుంది. 'సిన్స్' ఆప్షన్‌తో గత ఏడాదికే పరిమితం చేసి మళ్ళీ చూడండి. పదేళ్ళ కిందట మోసినవాళ్ళు, ఇవాళ మోస్తున్నవాళ్ళు ఒకరేనా అన్నది ఆ రెండు జాబితాల తేడాలోనే ఉంటుంది.

ఒక జాగ్రత్త. జీతం తీసుకుంటూ సొంత జీమెయిల్‌తో కమిట్ చేసేవాళ్ళు బోలెడుమంది. ఒక్క కామా మార్చినా ఒక కమిట్టే, నెల్లాళ్ళు కష్టపడి రాసిందీ ఒక కమిట్టే. ఈ అంకెలను ఆనవాళ్ళుగా తీసుకోండి, తీర్పుగా కాదు.

రెండోది, లైసెన్సు ఫైలుతో పాటు కాంట్రిబ్యూటర్ ఒప్పందం, అంటే కోడ్ పంపేవాళ్ళు ప్రాజెక్టుకు రాసిచ్చే ఒప్పందం. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం, పిల్లలు చదవకుండా 'అంగీకరిస్తున్నా' నొక్కేదీ ఇదే. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు కోడ్ పంపేవాళ్ళు 2004 నుంచి 'సైన్డ్ ఆఫ్ బై' అని ఒక్క వరుస రాస్తున్నారు. ఈ కోడ్ పంపే హక్కు నాకుందని చెప్పడమే దాని పని, కాపీరైట్ రాసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. వేలమంది ఒప్పుకోకుండా ఆ లైసెన్సు మార్చడం ఏ కంపెనీ తరమూ కాదు. కొన్ని ప్రాజెక్టుల ఒప్పందాలు వేరు. మీరు పంపిన కోడ్‌ను వేరే లైసెన్సు కింద ఇచ్చే హక్కు కూడా కంపెనీకి రాసిస్తారు. హాషికార్ప్ కంపెనీ 2023 ఆగస్టులో, సర్వర్లను ఏర్పాటు చేసే తన ప్రోగ్రాం టెర్రాఫామ్‌ను ఓపెన్ సోర్స్ లైసెన్సు నుంచి తప్పించగలిగింది అలాంటి హక్కు చేతిలో ఉండబట్టే. రెడిస్ అనే డేటాబేస్ సంగతి ఇంకో రకం. దాని బీఎస్డీ లైసెన్సే అంత వదులు కాబట్టి 2024 మార్చిలో కంపెనీ కొత్త వెర్షన్ల నిబంధనలు మార్చేసింది.

తర్వాత ఏమైందో కూడా చూడాలి. టెర్రాఫామ్ పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫు, రెడిస్ నుంచి వాల్కీ పుట్టాయి. రెండూ లాభాపేక్ష లేని లైనక్స్ ఫౌండేషన్ కిందికి చేరాయి. వాల్కీకి అండగా నిలిచినవాళ్ళలో అమెజాన్, గూగుల్, ఒరాకిల్ ఉన్నాయి. దారి మూసిందీ కంపెనీయే, పక్క దారి వేసినవాళ్ళలోనూ కంపెనీలే. అందుకే అందరినీ ఒకే గాటన కట్టొద్దంటాను.

మూడోది, పెత్తనం ఎవరిది? పేరు మీద ట్రేడ్‌మార్క్ ఎవరికుంది, చివరి మాట ఎవరిది అన్నది వెతకండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ను నడిపించే కోర్ టీంలో సగానికి మించి ఒకే కంపెనీవాళ్ళు ఉండకూడదని కట్టుబాటు ఉంది. ఇలాంటిది కనబడితే నేను ధైర్యంగా పని చేయమంటాను.

కంపెనీ అసలు లేకపోతే? నెట్‌లో మన సమాచారాన్ని రహస్యంగా పంపే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు, ఇంటర్నెట్‌లో పెద్ద భాగం ఆధారపడ్డ ఆ ప్రాజెక్టును గుప్పెడుమంది మోస్తున్నారని లోకానికి తెలిసింది. 2024లో, ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రాజెక్టులో అలసిపోయిన ఒక్క నిర్వాహకుడి పక్కన నమ్మకంగా చేరి ఎవరో దొంగదారి పెట్టారు. దాన్ని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డెవలపర్, మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. జీతం లేని చోట స్వేచ్ఛ దానంతట అదే క్షేమంగా ఉండదు.

వ్యాపారం అంటే అమెరికా కంపెనీలే అనుకోకండి. ముంబైలోని ఫ్రాపే కంపెనీ తయారుచేసిన, వ్యాపార లెక్కలు చూసే ఈఆర్‌పీనెక్స్ట్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సుతో వస్తుంది. రేపు మీరు రాయగడలో ఒక రైస్ మిల్లుకు దాన్ని పెట్టిచ్చి, ధాన్యం లెక్కలకు తగ్గట్టు మార్చి ఫీజు తీసుకుంటే మీరూ ఈ సమాజంలో ఒక వ్యాపారమే. డబ్బు తీసుకోవడంలో తప్పేమీ లేదు. మిల్లులో దొరికిన బగ్‌ను వివరంగా అసలు ప్రాజెక్టుకు రాయండి, సరిచేస్తే ఆ సవరణ పంపండి. అక్కడ చేరకపోతే ప్రతి కొత్త వెర్షన్‌కూ అదే సవరణ మీరే మళ్ళీ మళ్ళీ అతికించుకోవాలి.

అభ్యాసం: లిబ్రె ఆఫీస్, రెడిస్, వాల్కీ – ఈ మూడింటి కమిట్ జాబితాలు తీసి మొదటి పదిమంది ఎవరి ఉద్యోగులో నోట్‌బుక్‌లో రాయండి. పక్కనే లైసెన్సు, ఒప్పందం ఉందా లేదా, ట్రేడ్‌మార్క్ ఎవరిది అని మూడు గడులు గీయండి. నింపాక, మీ గంటను ఏ ప్రాజెక్టుకు ఇస్తారో కారణంతో నాలుగు వాక్యాలు రాయండి. ఐదో పాఠంలో బగ్ రిపోర్టు రాయడం నేర్చుకుంటాం. ఫోన్‌లో తెలుగో ఒడియానో తప్పుగా కనబడ్డ పదం ఏదైనా ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, దానితోనే మొదలుపెడదాం.